లెకాలో ఆర్కిడ్: ఇంట్లో సెమీ హైడ్రోపోనిక్స్ పద్ధతి

కడియం నర్సరీ నుంచో, ఊళ్లోని పూల దుకాణం నుంచో పూలతో ఉన్న ఫెలనాప్సిస్ ఆర్కిడ్ తెచ్చుకుంటారు. రెండు మూడు నెలలు పూలు నిలుస్తాయి. అవి రాలిపోయాక ఏడాది తిరక్కుండానే మొక్క కూడా పోతుంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే, కారణం కూడా దాదాపు ఒక్కటే. కుండీలో బిగించి కూరిన మాస్ (ఎండు నాచు) పైకి ఎండినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం ముద్దగా తడిసి ఉంటుంది. గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి. వేళ్లు లేక ఆకులు వాడతాయి. ఆకులు వాడాయని ఇంకాస్త నీళ్లు పోస్తారు.

సెమీ హైడ్రోపోనిక్స్‌లో మాస్ ఉండదు, బెరడు ముక్కలుండవు, కొబ్బరి పీచు ఉండదు. కాల్చి పొంగించిన మట్టి గోళీలు (లెకా), అడుగున కొద్దిగా నీళ్లు, అంతే. అమెరికాలో రే బార్కలో అనే ఆర్కిడ్ పెంపకందారు ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. నీళ్లు నిలవ ఉండే కుండీలో ఆర్కిడ్ ఎలా బతుకుతుందన్న అనుమానం అందరికీ వస్తుంది. వేళ్లను కుళ్లబెట్టేది తడి కాదు, గాలి అందకపోవడం. ఆ తేడా మనసులో పెట్టుకుంటే కింద చెప్పే ప్రతి పనికీ కారణం తెలుస్తుంది.

లోపల ఏం జరుగుతుంది

కుండీ అడుగు నుంచి రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో పక్కన రంధ్రాలుంటాయి. పోసిన నీళ్లు ఆ ఎత్తు వరకే నిలుస్తాయి, మిగిలినవి బయటికి పోతాయి. గోళీల సన్నని రంధ్రాలు ఆ నీటిని దీపంలో ఒత్తి నూనెను పీల్చినట్టు పైకి లాగుతాయి. గోళీల మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి అక్కడ నీరు నిలవదు, గాలి ఉంటుంది. అంటే వేరుకు ఒక పక్క తడి గోళీ, ఇంకో పక్క గాలి. అడవిలో చెట్టు కొమ్మను పట్టుకుని బతికే ఆర్కిడ్‌కు కావలసింది అదే.

ఆర్కిడ్ వేరు మీద వెలామెన్ అనే తెల్లటి మెత్తని పొర ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు వెండి రంగులో, తడిసినప్పుడు ఆకుపచ్చగా కనిపిస్తుంది. పారదర్శకమైన డబ్బాలో పెంచితే వేరు రంగు చూసి మొక్క పరిస్థితి చెప్పేయొచ్చు.

ఏ పరిసరాల్లో పుట్టిన వేరు ఆ పరిసరాలకే అలవాటు పడుతుంది. మాస్‌లో పెరిగిన వేరు గోళీల్లోకి వచ్చాక కొన్నాళ్లు పనిచేసి, తర్వాత మెల్లగా పోవచ్చు. గోళీల్లోనే పుట్టిన వేరు మాత్రం ఏళ్ల తరబడి గట్టిగా ఉంటుంది. కాబట్టి ఈ పద్ధతిలో మొదటి మూడు నెలల లక్ష్యం ఒక్కటే: కొత్త వేళ్లు పుట్టించడం. పూల సంగతి ఆ తర్వాత.

ఏ మొక్కలకు సరిపోతుంది

మొదలుపెట్టేవాళ్లకు ఫెలనాప్సిస్ మంచిది. ఆన్సిడియం రకాలు, స్లిప్పర్ ఆర్కిడ్లు కూడా బాగా వస్తాయి. మార్కెట్లో ఊదారంగు పూలతో దొరికే డెండ్రోబియం సోనియా వంటివి కూడా ఒప్పుకుంటాయి, కానీ వాటికి వెలుతురు ఎక్కువ కావాలి. క్యాట్లియాను కొత్త వేళ్లు మొలుస్తున్న సమయంలో మారిస్తేనే బతుకుతుంది. నోబిలే రకం డెండ్రోబియాలకు చలికాలంలో పొడి విశ్రాంతి కావాలి కాబట్టి ఎప్పుడూ తడిగా ఉండే ఈ కుండీ వాటికి పనికిరాదు. వాండాకు అసలు మాధ్యమమే అక్కర్లేదు, వేళ్లు గాలిలో వేలాడుతూ బుట్టలో ఉండటమే దానికి హాయి.

మూడు నాలుగు ఆకులున్న, గట్టి వేళ్లు కనీసం మూడైనా ఉన్న మొక్కతో మొదలుపెట్టండి. చచ్చిపోయేలా ఉన్న మొక్కను చివరి ప్రయత్నంగా లెకాలో పెట్టి, పోయాక పద్ధతిని తప్పుపట్టడం సరికాదు.

గోళీలు, డబ్బా

ఈ గోళీలను లెకా బాల్స్ అనో, క్లే బాల్స్ అనో, హైడ్రోటన్ అనో అమ్ముతారు. 8 నుంచి 16 మిల్లీమీటర్ల సైజు తీసుకోండి. మరీ చిన్నవైతే గాలి తగ్గుతుంది, మరీ పెద్దవైతే తడి పైకి ఎక్కదు. ఒక మొక్కకు లీటరు గోళీలు సరిపోతాయి.

అలంకరణ కోసం అమ్మే నున్నటి మట్టి గోళీలు కూడా ఇదే పేరుతో దొరుకుతాయి. అవి నీటిని పీల్చవు. కొనగానే ఒక గోళీని పగలగొట్టి చూడండి, లోపల స్పాంజి లాగా బెజ్జాలు కనిపించాలి. ఇంకో పరీక్ష: గాజు గ్లాసులో పొడి గోళీలు నింపి, అడుగున రెండు సెంటీమీటర్ల నీళ్లు పోసి, పైన మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. తడిసిన గోళీలు ముదురు రంగులో కనిపిస్తాయి. ఆ తడి తెల్లారేసరికి ఎంత ఎత్తుకు ఎక్కిందో కొలవండి. 8 సెంటీమీటర్లయినా ఎక్కకపోతే ఆ గోళీలు ఈ పనికి వద్దు. తడి ఎక్కే ఎత్తుకు హద్దుంది కాబట్టే డబ్బా 15 సెంటీమీటర్ల కన్నా ఎత్తు ఉండకూడదు.

గోళీలను జల్లెడలో వేసి, ఎర్రనీళ్లు ఆగేదాకా కడగండి. ఆ దుమ్ము సింక్ పైపులో పేరుకుంటుంది, పెరట్లోనో మేడ మీదో కడగడం మేలు. తర్వాత బకెట్‌లో 24 గంటలు నానబెట్టి, ఆ నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కొలవండి. మామూలు నీటి కన్నా 50 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఎక్కువ చూపిస్తే, గోళీల్లో లవణాలున్నట్టే. నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టండి. రెండు మూడు సార్లలో దిగుతుంది. టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, ఈ పద్ధతిలో అది లేకుండా చేయడం చీకట్లో తడుముకోవడమే.

దీనికి ప్రత్యేకమైన కుండీ అక్కర్లేదు. హోటల్ పార్సిల్‌కు వాడే పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ డబ్బా, లీటరు సైజుది, 10 నుంచి 12 సెంటీమీటర్ల వెడల్పున్నది చాలు. అడుగున రంధ్రం ఉండకూడదు. పక్కన, అడుగు నుంచి రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో, ఒకదాని పక్కన ఒకటి రెండు రంధ్రాలు చేయండి. ఒక్కో రంధ్రం 5, 6 మిల్లీమీటర్లు ఉండాలి. ఒకటి వేరుతోనో గోళీతోనో మూసుకుపోయినా రెండోది పనిచేస్తుంది. పల్చని ప్లాస్టిక్‌కు డ్రిల్ పెడితే పగులుతుంది. సోల్డరింగ్ ఐరన్‌తోనో, పటకారుతో పట్టుకుని కాల్చిన మేకుతోనో చేయండి, పొగ పీల్చకుండా బయట కూర్చుని. కోస్తాలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి రంధ్రాలు రెండు సెంటీమీటర్ల ఎత్తులో చాలు. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం వంటి పొడి ఊళ్లలో మూడు సెంటీమీటర్లు పెట్టొచ్చు.

ఎప్పుడు మార్చాలి

క్యాలెండర్ కన్నా మొక్క చెప్పేదే ముఖ్యం. కాండం అడుగు నుంచి ఆకుపచ్చ లేదా ఎర్రటి మెరిసే కొనతో కొత్త వేరు ఒక సెంటీమీటరు దాకా పొడుచుకొస్తే, అదే సమయం. ఆ వేరు గోళీల్లోకే దిగుతుంది కాబట్టి మొదటి నుంచీ వాటికే అలవాటు పడుతుంది. రెండు మూడు సెంటీమీటర్లు దాటాక మారిస్తే కొన విరిగిపోయే ప్రమాదం ఎక్కువ.

మన దగ్గర తొలకరి పడ్డాక, జూన్ చివరి నుంచి సెప్టెంబర్ వరకు అనువైన కాలం. వేడి తగ్గి, గాలిలో తేమ పెరిగి, ఫెలనాప్సిస్ తనంతట తానే వేళ్లు వేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మార్చకండి. డిసెంబర్, జనవరిలో కూడా వద్దు, చలికి వేరు ఎదగదు, ఎదగని వేరు తడిలో కుళ్లుతుంది. పూలతో ఉన్న మొక్కను పూలు అయ్యేదాకా కదపకపోవడమే మంచిది.

మార్చే పని

మొక్కను కుండీతో సహా 20 నిమిషాలు నీళ్లలో పెడితే మాస్ మెత్తబడి వేళ్లు సులువుగా విడతాయి. కుండీకి అతుక్కున్న వేళ్లను లాగొద్దు, ప్లాస్టిక్ కుండీ అయితే కత్తిరించి తీయండి. మాస్‌ను చేతి వేళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో పూర్తిగా తీసేయాలి. కాండం కింద, వేళ్ల నడుమ ఒక గట్టి మాస్ ముద్ద దాగి ఉంటుంది. నర్సరీలో చిన్న మొక్కను పెంచిన మొదటి గడ్డ అది. చాలాసార్లు దానికి చిన్న వల సంచి కూడా చుట్టి ఉంటుంది. పట్టకారుతో కొంచెం కొంచెంగా లాగి తీయాలి. దాన్ని వదిలేస్తే లెకాలో అది ఎప్పటికీ ఆరదు. గోళీలు నిత్యం దానికి నీళ్లు అందిస్తూనే ఉంటాయి. ఈ పద్ధతిలో పోయిన మొక్కలను తవ్వి చూస్తే చాలాసార్లు కనిపించేది ఈ ముద్దే.

తర్వాత ఒక్కో వేరునూ రెండు చేతి వేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే అది బతికున్నట్టే, రంగు గోధుమగా ఉన్నా సరే. మాస్‌లో వెలుతురు తగలక, ఎరువు మరక పట్టి రంగు మారి ఉంటుంది. నొక్కగానే నీళ్లు కారి, పై పొర ఊడి, లోపల దారం లాంటి పోగు మిగిలితే దాన్ని గట్టి భాగం దాకా కత్తిరించండి. ఒక్క చచ్చిన ముక్క కూడా వదలకండి. కత్తెరను మొక్కకు మొక్కకు మధ్య మంట మీద కాల్చి చల్లార్చాలి, ఆర్కిడ్ వైరస్‌లు వ్యాపించేది ఎక్కువగా కత్తెర ద్వారానే. దాల్చినచెక్క పొడి వేళ్లకు పూయమని చాలామంది చెబుతారు. అది బతికున్న వేరును ఎండబెడుతుంది. ఆకు కత్తిరించిన చోట తప్ప ఇంకెక్కడా వాడొద్దు.

కత్తిరించాక మొక్కను నీడలో రెండు మూడు గంటలు ఉంచితే గాయాలు ఆరతాయి. ఇక డబ్బాలో పెట్టడం. అడుగున రంధ్రాల ఎత్తు దాటి ఇంకో వరుస వచ్చేలా నానిన గోళీలు వేయండి. పాత వేళ్లు నిలవ నీటిలో మునగకూడదు, వాటి కొనలు రంధ్రాల మట్టానికి పైనే ఉండాలి. పొడవాటి వేళ్లను డబ్బా గోడ వెంట గుండ్రంగా తిప్పండి. మొక్కను నడుమ పట్టుకుని చుట్టూ గోళీలు పోస్తూ డబ్బాను బల్లకు నెమ్మదిగా తట్టండి, గోళీలు వాటంతట అవే సర్దుకుంటాయి. వేలితో నొక్కితే వేళ్లు విరుగుతాయి. కింది ఆకు మొదలు గోళీల మట్టానికి పైన, కొత్త వేరు పుట్టే కాండం భాగం గోళీలను తాకుతూ ఉండాలి. కాండాన్ని లోతుగా పూడిస్తే మొవ్వుకుళ్లు వస్తుంది, పైకి వదిలేస్తే కొత్త వేళ్లు గాలిలోనే ఎండిపోతాయి.

మొక్క ఊగుతుంటే వెదురు పుల్ల గుచ్చి మెత్తని దారంతో కట్టండి. ఇది చిన్న పనిలా అనిపిస్తుంది గానీ, ఊగిన ప్రతిసారీ కొత్త వేరు కొన గోళీకి రాసుకుని దెబ్బతింటుంది. ఇప్పుడు పైనుంచి మామూలు నీళ్లు, రంధ్రాల నుంచి కారేదాకా పోయండి. మొదటి రెండు వారాలు ఎరువు వద్దు.

మొదటి మూడు నెలలు

ఎండ తగలని వెలుతురులో, ఫ్యాన్ గాలి నేరుగా కొట్టని చోట పెట్టండి. పాత వేళ్లలో ఒకటో రెండో గోధుమరంగుకు తిరిగి మెత్తబడొచ్చు, కింది ఆకు ఒకటి పసుపుపచ్చగా మారి రాలొచ్చు. పై ఆకులు గట్టిగా ఉండి, కొత్త వేరు కొన పచ్చగా ఉన్నంతవరకు ఏమీ చేయకండి. వారానికోసారి తీసి చూడటం మాత్రం మొదటికే మోసం.

పైన గోళీలు త్వరగా ఆరిపోయే ఊళ్లలో కొత్త వేరు పొడి గోళీ దగ్గరే ఆగిపోతుంది. అలాంటప్పుడు రోజూ ఉదయం కాండం మొదట్లో గోళీల మీద స్ప్రే చేయండి, లేదా పై పొర మీద పల్చగా, వేలి మందాన తాజా మాస్ పరచండి. వేరు గోళీల్లోకి దిగాక దాన్ని తీసేయాలి.

నీళ్లు పోయడం

నిలవ నీరు అడుగున అర సెంటీమీటరుకు దిగినప్పుడు మళ్లీ పోయాలి. డబ్బా సైజు, ఊరు, కాలం బట్టి ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకు, వానాకాలంలో వారానికి, చలికాలంలో ఆరేడు రోజులకు అవసరమవుతుంది.

ఎంత తగ్గిందో అంత పోసి ఊరుకోవడం పెద్ద తప్పు. మొక్క నుంచీ గోళీల నుంచీ ఆవిరయ్యేది నీరే, లవణాలు అక్కడే ఉండిపోతాయి. డబ్బాలో 200 మిల్లీలీటర్ల ఎరువు నీరుంది, టీడీఎస్ 400 అనుకుందాం. అందులో 80 మిల్లీగ్రాముల లవణాలున్నాయి. ప్రతిసారీ 150 మిల్లీలీటర్లు తగ్గితే అంతే పోస్తూ పోతే, ఒక్కో విడతకు ఇంకో 60 మిల్లీగ్రాములు చేరతాయి. ఆరు విడతలకు మొత్తం 440 మిల్లీగ్రాములు, అదే 200 మిల్లీలీటర్లలో. అంటే టీడీఎస్ 2200. మొక్క తీసుకున్నది పోయినా మిగిలేది వేరు కొనను మాడ్చడానికి చాలు.

అందుకే ప్రతిసారీ ఎక్కువ నీళ్లు, అర లీటరు దాకా, పైనుంచి ధారగా పోసి పాత నీరు రంధ్రాల గుండా కొట్టుకుపోయేలా చేయాలి. రంధ్రాలను చేతి వేళ్లతో మూసి, గోళీల మట్టం దాకా నింపి, ఒక నిమిషం ఆగి వదిలేస్తే ఇంకా మంచిది. నీరు దిగుతున్నప్పుడు గోళీల మధ్యకు కొత్త గాలి లాగబడుతుంది. ఇది వేళ్లకు ఊపిరి. నెలకోసారి ఎరువు లేని నీటితో ఇలాగే రెండు మూడుసార్లు కడగాలి.

దోమల సంగతి కూడా చూసుకోవాలి. డబ్బా లోపలి నీరు గోళీల కింద ఉంటుంది కాబట్టి దోమకు సులువుగా అందదు. కానీ కింద పెట్టిన పళ్లెంలో, బయటి అలంకరణ కుండీలో పడిన నీరు మాత్రం డెంగీ దోమకు అనువైన చోటు. నీళ్లు పోసిన వెంటనే దాన్ని పారబోయండి.

ఎలాంటి నీరు

బోరునీరు చాలా ఊళ్లలో గట్టిది. టీడీఎస్ 300 దాటితే నేరుగా వాడొద్దు, ఎరువు కలపక ముందే హద్దు నిండిపోతుంది. పైగా అందులోని బైకార్బొనేట్లు పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) పెంచి ఇనుము అందకుండా చేస్తాయి, కొత్త ఆకులు లేత పసుపురంగులో వస్తాయి. ఆర్వో నీరు, వాన నీరు మంచివి. కుళాయి నీరు 150 లోపు ఉంటే నేరుగా వాడొచ్చు. 150కీ 300కీ మధ్య ఉంటే సగం ఆర్వో నీరు కలపండి. ఆర్వో ఫిల్టర్ వదిలే వృథా నీరు మాత్రం పొరపాటున కూడా పోయొద్దు, లవణాలన్నీ అందులోనే ఉంటాయి.

మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీరు చేతికే కాలుతుంది. ఆ నీరు పోస్తే వేళ్లు ఉడికిపోతాయి. ముందు రోజు రాత్రే బకెట్‌లో పట్టి ఇంట్లో పెట్టుకుని, పొద్దున్నే పోయండి.

ఎరువు

గోళీల్లో పోషకాలేవీ ఉండవు. మొక్కకు కావలసినదంతా నీటిలోనే, తక్కువ మోతాదులో, ప్రతిసారీ ఇవ్వాలి. అందరి చేతికీ దొరికే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు వరుసగా) ఇక్కడ సరిపోదు, రెండు కారణాల వల్ల. అందులో నత్రజనిలో ఎక్కువ భాగం యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని మార్చి పెడతాయి, శుభ్రమైన గోళీల్లో అవి చాలా తక్కువ. రెండోది, అందులో కాల్షియం లేదు. ఆర్వో నీటిలోనూ లేదు. కాల్షియం లేకపోతే కొత్త ఆకు కొన, కొత్త వేరు కొన నల్లబడతాయి.

మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఆర్కిడ్ల కోసం శుద్ధమైన నీటికి 13-3-15, బావినీటికి 19-4-23 అనే మిశ్రమాలు రూపొందించారు. రెండింటిలోనూ భాస్వరం చాలా తక్కువ. ఆ దారిలోనే, డ్రిప్ పెట్టిన రైతులు కొనే ఎరువుల దుకాణం సరుకుతో ఇంట్లో కలుపుకోవచ్చు. 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా కావాలి. రెండు లీటరు సీసాలు తీసుకోండి.

మొదటి సీసా: లీటరు ఆర్వో నీటిలో కాల్షియం నైట్రేట్ 30 గ్రాములు.

రెండో సీసా: లీటరు ఆర్వో నీటిలో 13-0-45 పొటాషియం నైట్రేట్ 20 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 20 గ్రాములు, 0-52-34 (మోనో పొటాషియం ఫాస్ఫేట్) ఐదు గ్రాములు, చీలేటెడ్ సూక్ష్మపోషక మిశ్రమం 2 గ్రాములు.

వాడేటప్పుడు లీటరు ఆర్వో నీటికి ఒక్కో సీసా నుంచి 10 మిల్లీలీటర్లు. ముందు ఒకటి వేసి బాగా కలిపాకే రెండోది వేయాలి. అలా కలిపిన నీటిలో నత్రజని సుమారు 70 పీపీఎం, కాల్షియం 55, మెగ్నీషియం 19 వస్తాయి. టీడీఎస్ మీటర్ 400కు అటూ ఇటూ చూపించాలి. చిక్కటి ద్రావణాలను ఒకే సీసాలో పోస్తే కాల్షియం, సల్ఫేటూ ఫాస్ఫేటూ కలిసి తెల్లటి మడ్డిగా అడుగున పేరుకుంటాయి, మొక్కకు అందవు. సీసాలను చీకట్లో, పిల్లలకు అందని చోట, పేరు రాసి పెట్టండి.

పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు. ఆర్వో నీటితో ఈ మిశ్రమం మామూలుగా ఆ హద్దులోనే ఉంటుంది. కొత్తగా మార్చిన మొక్కకు మొదటి రెండు వారాలు దాటాక, నెల దాకా సగం మోతాదు. చలికాలంలో ఎదుగుదల తగ్గినప్పుడు కూడా సగమే. జీవామృతం, వేపపిండి నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు ఇందులో పోయకండి. మట్టికి అవి మంచివే. ఇక్కడ గోళీల మధ్య కుళ్లి, వేళ్లకు అందాల్సిన గాలిని అవి లాగేసుకుంటాయి.

వెలుతురు, కాలం

ఫెలనాప్సిస్‌కు తూర్పు కిటికీ బాగుంటుంది. ఉదయం ఎనిమిదింటి దాకా లేత ఎండ తగిలినా పర్వాలేదు. బాల్కనీలో అయితే 75 శాతం షేడ్‌నెట్ కింద పెట్టండి. ఆకు ముదురాకుపచ్చగా, వాలిపోయి ఉంటే వెలుతురు చాలడం లేదు. అంచులు ఎర్రబడితే ఎక్కువైంది. పారదర్శకమైన డబ్బాకు నేరుగా వెలుతురు తగిలితే లోపల పాచి పడుతుంది. పాచి మొక్కను చంపదు గానీ గోళీల రంధ్రాలను మూస్తుంది. డబ్బాను బయటి కుండీలో దించండి, లేదా నల్ల కాగితం చుట్టండి.

ఎండాకాలంలో 35 డిగ్రీలు దాటితే ఫెలనాప్సిస్ ఎదుగుదల ఆపేస్తుంది. ఆ రోజుల్లో గోళీల నుంచి నీరు ఆవిరవుతూ వేళ్లను చల్లగా ఉంచుతుంది, అది ఈ పద్ధతిలో ఉన్న పెద్ద సుఖం. చలికాలంలో అదే ఇబ్బంది. హైదరాబాద్‌లో జనవరి రాత్రి 14 డిగ్రీలుంటే, తడి గోళీల మధ్య వేళ్ల దగ్గర ఇంకో రెండు మూడు డిగ్రీలు తక్కువే ఉండొచ్చు. గ్రానైట్ బండ మీద పెడితే మరీ చల్లబడుతుంది. డబ్బాను ఇంట్లోకి తెచ్చి థర్మోకోల్ ముక్క మీదో చెక్క బల్ల మీదో పెట్టండి, ఫ్యాన్ గాలి తగలనివ్వకండి. నీళ్లు పొద్దున పదింటి తర్వాత, గది వేడిలో ఉన్నవే పోయండి.

తేడా వచ్చినప్పుడు

అడుగున నీళ్లున్నా ఆకులు ముడతలు పడుతున్నాయంటే నీళ్లు పీల్చే వేళ్లు లేవని అర్థం. ఎరువు పెంచితే లాభం లేదు. తీసి చూసి, కుళ్లినవి కత్తిరించి, మళ్లీ పెట్టండి. గట్టి వేరు ఒక్కటీ మిగలకపోతే తడి మాస్ అడుగున ఉన్న మూత డబ్బాలో, కాండం మాస్‌కు తగలకుండా కొద్ది ఎత్తులో ఉంచి, కొత్త వేరు వచ్చాకే లెకాకు మార్చండి.

పై గోళీల మీద తెల్లటి పొర పడితే అది లవణం, బూజు కాదు. వేలితో గీకితే పొడిగా రాలుతుంది. బాగా కడగండి, పై వరుస మార్చేయండి. వేరు కొన నల్లబడి ఆగిపోయినా మొదట అనుమానించాల్సింది దీన్నే. రంధ్రం నుంచి కారే నీటి టీడీఎస్ కొలిస్తే తెలిసిపోతుంది, 800 దాటకూడదు. నీరు మురుగు వాసన వేస్తే లోపల మాసో చచ్చిన వేరో కుళ్లుతోంది, ఆ రోజే తీసి శుభ్రం చేయాలి.

మొవ్వులో నీరు నిలిస్తే, ముఖ్యంగా వానాకాలం రాత్రుల్లో, నడిమి ఆకు మొదట్లో నీరు పట్టినట్టు మచ్చ వచ్చి, పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. మొవ్వు పోయిన ఫెలనాప్సిస్ పైకి పెరగదు. కాబట్టి నీళ్లు ఆకుల మీద కాకుండా గోళీల మీద పోయండి, పడితే టిష్యూ కాగితంతో ఒత్తి తీసేయండి.

పిండినల్లి ఆకు అడుగున, మొదళ్లలో చేరుతుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, వారం వారం మూడుసార్లు అలాగే చేయండి. ఎండాకాలంలో ఎర్రనల్లి వస్తే ఆకు అడుగు దుమ్ము పట్టినట్టు వెండిరంగులోకి తిరుగుతుంది. తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

పూలు, తర్వాతి మార్పిడి

ఫెలనాప్సిస్ పూలకాడ వేయాలంటే కొన్ని వారాల పాటు చల్లదనం, పగలు 26 డిగ్రీల లోపు, కావాలి. మన దగ్గర అది దొరికేది చలికాలంలోనే. ఎప్పుడూ వెచ్చగా ఉండే గదిలో పెడితే ఆకులే వస్తాయి. పూలకాడ, వేరు రెండూ ఆకు మొదట్లోంచే వస్తాయి. కొన గుండ్రంగా, నున్నగా ఉంటే వేరు. ఒక పక్కకు వంగి, చేతి తొడుగు ఆకారంలో చీలినట్టుంటే పూలకాడ. కనిపించాక మొక్కను వెలుతురుకు వేరే పక్కకు తిప్పకండి, మొగ్గలు మెలి తిరుగుతాయి.

గోళీలు కుళ్లవు కాబట్టి మళ్లీ మార్చాల్సింది వేళ్లతో డబ్బా నిండినప్పుడు, రెండు మూడేళ్లకు. అప్పుడు వేళ్లకు అతుక్కున్న గోళీలను లాగకుండా, అలాగే పెద్ద డబ్బాలోకి దించి చుట్టూ కొత్తవి పోయండి. ఖాళీ అయిన గోళీలను పది వంతుల నీటికి ఒక వంతు బ్లీచ్ ద్రావణంలో అరగంట ఉంచి, వాసన పోయేదాకా కడిగి, ఒకరోజు నీళ్లలో నానబెట్టి, రెండు రోజులు ఎండలో ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. ఆకుల మీద నల్లటి చారలు, గుంటలు పడి వైరస్ అనుమానం ఉన్న మొక్క గోళీలు మాత్రం పారేయండి.